ఇంజిను మూత మీద అమ్మ ముగ్గు

ధర్మపురి
జూన్ 9

చెల్లెలు గోపమ్మకు జయరామన్న రాయునది.

నువ్వు బాగున్నావని తలుస్తాను. బాగులేకపోతే ఈపాటికే రాసి ఉంటావు. ఓర్చుకుని ఊరుకునే రకం కాదు నువ్వు. నీ చెవులు ఫోనుకు పనికిరాకుండా పోయిన నాటినుంచి మనిద్దరికీ ఈ కాగితమే గతి అయింది. ఒకందుకు మంచిదే. ఈ ఇంట్లో ఏడుగురం ఉన్నాము, అందరి నోటా తెలుగే, నాకు తప్ప ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. ఉత్తరం మంచం మీద తెరిచి పెట్టి స్నానానికి పోయినా బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. కవరు మీద అడ్రసు తమిళంలో రాస్తాను. పోస్టు మనిషి తేన్మొళి నేను రాస్తుండగా ఒకసారి తొంగి చూసి, "ఏమి తాతా, లోపలంతా కోలమేనా?" అని నవ్వింది. ఆమెకు మన అక్షరాలు ముగ్గుల్లాగే కనిపిస్తాయి.

ఒక విధంగా నిజమే కదా. తొప్పూరు కనుమలో నేను లారీ మెకానిక్కుగా ఉన్నప్పుడు నెల్లూరు డ్రైవరు ఒకడు ఇంజిను చెడి మూడు రోజులు రోడ్డు పక్కన పడి ఉన్నాడు. పొద్దు పోక నాకు గ్రీజు వేలితో తారు రోడ్డు మీద అ ఆ ఇ ఈ నేర్పినాడు. నేను ఇంటికి వచ్చి నీకు గడప ముందర ముగ్గుపిండితో నేర్పినాను. నువ్వు 'ఱ' దగ్గర అలిగి లేచిపోయినావు. ఆ అక్షరం ఈనాటికీ నువ్వు రాయవు.

అసలు సంగతికి వస్తాను. పెద్దోడి కొడుకు ప్రతాప్ మన ఇంటి వెనక షెడ్డులో మిషను పెట్టినాడని రాసినాను కదా. వాడు చేసేది ఇంజిను మూతలు. ఇంజిను నెత్తిన చట్టి మీద మూతలాగా ఒకటి ఉంటుంది. లోపల మరిగే నూనె చిమ్ముతుంటుంది, అది బయటికి రాకుండా కాపలా. కంపెనీవాడు పెట్టిన మూత ఎవరూ చూడరు. ప్రతాప్ గట్టి అల్యూమినియం దిమ్మను మిషను కింద పెట్టి, చెక్కి, పూలు, గీతలు, పేర్లు తీసి, అద్దంలాగా చేసి ఇస్తాడు. ఎవరు కొంటారంటావు. కారును కన్నకూతురిలా చూసుకునేవాళ్లు ఉన్నారమ్మా. ఆదివారం ఒకచోట చేరి అందరూ బానెట్లు ఎత్తి ఒకరి ఇంజిను ఒకరు చూసుకుంటారు. పెళ్లిచూపుల్లో కూడా అంత మర్యాద ఉండదు. వాళ్లకు ఒకటే షరతు: నా కారుకు ఉన్న మూత ఇంకొకరి కారుకు ఉండకూడదు. ప్రతాప్ మాట ఇస్తాడు. ఆ మాటే వాని వ్యాపారం.

షెడ్డులో ఇంకా ఇద్దరు. పాలక్కోడు నుంచి వచ్చే మోనిష కంప్యూటరులో బొమ్మ గీస్తుంది. తుంబలహళ్లి మణికండన్ మిషను నడుపుతాడు. నేను కుర్చీలో కూర్చుని ముగ్గురినీ చూస్తాను.

నాకు పాత చేతివాటం ఒకటి పోలేదు. ఇంజినులో రెండు ఇనుప ముఖాల మధ్య నూనె కారకుండా పెట్టే అట్టను మేము ప్యాకింగ్ అంటాము. అట్టను పైన పరిచి గ్రీజు చేత్తో రుద్దితే అచ్చు పడుతుంది, రంధ్రం ఉన్నచోట గుండు సుత్తితో తట్టితే తెగి రంధ్రం పడుతుంది. వెయ్యి లారీలకు అట్లా కోసినాను. ఇప్పుడు ప్రతి కొత్త మూత మీదా పలచని కాగితం పరిచి అచ్చు తీస్తాను, సైజుకు సైజు. నా మంచం పైన గోడ మేకుకు వారం రోజులు తగిలించుకుని చూసుకుంటాను. మొదటి రెండూ ఈ కవరులో పెట్టినాను. నీ ముగ్గులకు పనికొస్తాయేమో చూడు.

జయరామ


హోసూరు
జూన్ 21

అన్నా,

కాగితాలు అందినాయి. చేతులకు గ్రీజు అయింది. మొదటిది బాగుంది, రెండోది చూస్తే దోమ చచ్చిపడినట్టుంది, ఎవడు కొన్నాడో.

పూలూ గీతలూ ఎందుకు? అమ్మ వేసే మెలికల ముగ్గు చెక్కమను. పదకొండు చుక్కలు, ఒక్కటే గీత, చుక్కలన్నీ చుట్టుకుని మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. నువ్వు గుర్తుందని తప్పు గీస్తావు, అందుకే నేనే గీసి పంపిస్తున్నాను. మూడో చుక్క దగ్గర గీత ఎడమకు తిరగాలి. నువ్వు ఎప్పుడూ కుడికి తిప్పేవాడివి.

ఇక్కడ మా అమ్మాయి యోగలక్ష్మికి మోకాళ్ల నొప్పి. దాని కొడుకు బాలాజి కార్లకు సీటు కవర్లు, హారన్లు, స్టిక్కర్లు అమ్మే షాపు పెట్టినాడు కదా, అది అంతంత మాత్రం. కానీ పిల్లవాడు ఇప్పుడు మంచిగా మారినాడు. ముందు నా పక్కన నిమిషం కూర్చోడు. నీ ఉత్తరం వచ్చిన దినం నా మంచం మీద కూర్చుని, "అవ్వా, తాత ఏం రాసినాడు? చదువు, నేను వింటాను" అని నా చెవి దగ్గర అరిచినాడు. మొత్తం చదివించుకున్నాడు. కాగితాలు కూడా తిప్పి తిప్పి చూసినాడు. నాకు సంతోషమైంది.

గోపమ్మ


ధర్మపురి
జూలై 14

గోపమ్మా,

అమ్మ ఇంజిను ఎక్కింది!

నీ ముగ్గు మోనిషకు ఇచ్చినాను. ఆ పిల్ల కంప్యూటరు ముందు తల పట్టుకుని, "తాతా, ఈ గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగుస్తుంది?" అంటుంది. "ముగియదమ్మా, అదే దాని గొప్ప" అన్నాను. "ముగియకపోతే మిషను ఎట్లా ఆగుతుంది?" అంది. నూరేళ్లుగా ఎవరికీ రాని ప్రశ్న. చివరికి మణికండన్ వచ్చి, "ఒక చోట మొదలుపెట్టి అదే చోట ఎత్తేస్తే కలిసిపోతుందిలే పాపా" అన్నాడు. అట్లాగే చేసినాడు. ఆరు గంటలు మిషను దగ్గర నుంచి కదలలేదు. గీత కలిసిన చోటు వేలితో తడిమి చూసినాను, దొరకలేదు. మనిషి మాట్లాడడు గాని చెయ్యి మంచిది.

కోయంబత్తూరులో అన్నదమ్ములు ఇద్దరికి ఒకే రకం పాత కార్లు. వాళ్లు చూసి, "ఇది మా ఇద్దరికే. మూడోది లోకంలో ఉండకూడదు" అని ప్రతాప్ చేత చేతిలో చెయ్యి వేయించుకున్నారు. వీడు మాట ఇచ్చినాడు. ఆ రెండు మూతల ఫొటోలు చూసి ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్లో ఫోన్లు చేస్తున్నారు, మాకూ ఏదైనా పాతకాలపు ముగ్గు చెక్కి ఇవ్వమని. అమ్మ ఉండి ఉంటే, "కాలితో తొక్కే ముగ్గును నెత్తిన పెట్టుకున్నారే" అని నవ్వి ఉండేది.

దాని అచ్చు ఇందులో పెట్టినాను. ఈ కాగితం పొడుగు. అంచున తగిలిస్తే వంకరగా వేలాడుతుందని నడుమకు తగిలించినాను. నడిమి చుక్కకు కుడిపక్కన బొటనవేలంత దూరంలో మేకు దిగింది. దాన్ని చుక్క అనుకుని పన్నెండు చుక్కల ముగ్గు వేసేవు సుమా.

జయరామ


హోసూరు
జూలై 25

అన్నా,

మేకు దిగిన రంధ్రానికీ ముగ్గు చుక్కకూ తేడా తెలియనంత గుడ్డిదాన్ని కాలేదు. చెవులే పోయినాయి.

అచ్చు చూసి ఏడుపు వచ్చింది. మూడో చుక్క దగ్గర సరిగ్గా తిరిగింది. బాలాజికి చూపించినాను. "మన ముత్తవ్వ ముగ్గా ఇది? మన ఇంటిదేనా?" అని రెండు మూడు సార్లు అడిగినాడు. మనదే అన్నాను. కాగితం పాడవకుండా లామినేషన్ చేయించి తెస్తానన్నాడు. వద్దు, ట్రంకులో పెడతానన్నాను. నాకే మతిమరుపు, ఆ దినం ఎక్కడ పెట్టినానో. మరుసటి దినం దొరికింది.

గోపమ్మ


ధర్మపురి
సెప్టెంబర్ 2

గోపమ్మా,

ఇంట్లో దొంగ ఉన్నాడు.

బెంగళూరులో పోయిన ఆదివారం కార్లవాళ్లు చేరినారట. కోయంబత్తూరు అన్నదమ్ములు పోయినారు. బానెట్లు ఎత్తితే వాళ్ల పక్కనే ఇంకొక కారుకు అమ్మ ముగ్గు! మూడోది! వాళ్లు ఫొటో తీసి ప్రతాప్‌కు పంపి, కింద ఒకే మాట రాసినారు: 'మాట ఇంతేనా?' ముగ్గులు అడిగినవాళ్లలో నలుగురు అప్పుడే వద్దన్నారు. వాడు అన్నం ముందర కూర్చుని లేచిపోతున్నాడు.

నేను చేతులు ముడుచుకుని కూర్చునేవాణ్ని కాదు. షెడ్డు మీద నిఘా పెట్టినాను. మొదట మోనిష. ఆ పిల్లకు రెండు ఫోన్లు. ఒక మనిషికి రెండు ఫోన్లు ఎందుకు? అడిగితే, "ఒకటి మా అమ్మది తాతా, స్క్రీను పగిలింది, బాగుచేయించాలి" అంటుంది. నెల నుంచి బాగుచేయిస్తూనే ఉంది. కంప్యూటరు సొరుగుకు అడ్డంగా ఒక వెంట్రుక అంటించినాను, తెరిస్తే తెలియాలని. పొద్దున చూస్తే వెంట్రుక లేదు. ఎగిరిపోయిందో, తెరిచినారో. తరవాత దిమ్మలు పెట్టే గది గుమ్మం ముందు సన్నగా రాగిపిండి చల్లినాను. మరుసటి దినం స్పష్టంగా కాలిగుర్తులు! ప్రతాప్‌ను పిలిచి చూపించినాను. వాడు కాసేపు చూసి, "తాతా, నీ ఎడమ కాలికి బొటనవేలు లేదు కదా?" అన్నాడు. పిండి చల్లినాక నేనే లోపలికి పోయి వచ్చినాను, అది మరిచినాను.

తేన్మొళిని కూడా విడిచిపెట్టలేదు. పోయినసారి నా కవరును తూకం వేసేటప్పుడు వెలుతురుకు పట్టి ఎందుకు చూసింది? తరవాత నాకే నవ్వు వచ్చింది. చూస్తే మాత్రం ఏముంది, లోపలిది తెలుగే కదా.

తిరిగి తిరిగి నా చూపు ఒక్కని మీదే ఆగుతున్నది. మణికండన్. వాని నడక ఎప్పుడైనా గమనించినానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. చెప్పు శబ్దం రాదు, పిల్లి నడిచినట్టు. చెప్పు శబ్దం రాని మనిషి ఏదో దాస్తుంటాడని నా అనుభవం. కళ్లెత్తి మాట్లాడడు. వాళ్ల మామ ఒకడు తుంబలహళ్లి డ్యాం దగ్గర చేపలు దొంగిలించి పట్టుబడినాడని విన్నాను. ఎవరు చెప్పినారని అడగవద్దు, ఆ ఇల్లే అంత. నాలుగు పూటలుగా చూస్తున్నాను: మూత తయారైనాక వెనక వేపచెట్టు కిందికి తీసుకుపోయి, ఇటూ అటూ చూసి, ఫోనుతో ఫొటో తీస్తాడు. ఎవరికో పంపిస్తాడు. వానిలాంటివానికి ఫొటోలెందుకు? చెయ్యి మంచిదని రాసినాను కదా. దొంగ చెయ్యి మంచిగానే ఉంటుంది.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నీకే రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఎవరూ చదవలేరు. కొత్త మూత అచ్చు కూడా ఇందులో ఉంది. నెమలి ఈకలు.

జయరామ


హోసూరు
సెప్టెంబర్ 15

అన్నా,

నీ ఉత్తరం చదివినాను. బాలాజి అడిగినాడు, ఈసారి చదివి వినిపించలేదు.

నువ్వు పంపిన నాలుగు కాగితాలూ నా ట్రంకులోనే ఉన్నాయి. లెక్కపెట్టి చూసినాను. ఎక్కడికీ పోలేదు.

ఆ మణికండన్‌ను తొందరపడి ఏమీ అనవద్దు. ఫొటో తీసుకుంటే దొంగ అయిపోతాడా? నువ్వు కాగితం తీసుకోవడం లేదా? చేపల సంగతి నీకెందుకు?

ఇంకమీదట అచ్చులు పంపవద్దు. నాకు ముగ్గులు వేయడానికి నడుము వంగడం లేదు.

గోపమ్మ


ధర్మపురి
అక్టోబర్ 6

గోపమ్మా,

పని అయిపోయింది. అయిపోయినాక ఉండాల్సిన తృప్తి మాత్రం ఇంకా రాలేదు, దారిలో ఉందేమో.

ఫొటోల సంగతి ప్రతాప్‌కు చెప్పినాను. వాడు రెండు దినాలు నమ్మలేదు. మూడో దినం బెంగళూరులో ఇంకొకటి, నాలుగో ముగ్గు మూత కనిపించిందని ఫోను వచ్చింది. వాడు లేచి నేరుగా మిషను దగ్గరికి పోయినాడు. నేను వెనకే పోయినాను.

"మణి అన్నా, నీ ఫోను ఒకసారి ఇస్తావా?" అన్నాడు.

మణికండన్ చేతులు తుడుచుకుని, నన్ను చూసినాడు, వాణ్ని చూసినాడు. "తాతగారు అడగమన్నారా?"

"ఎవరు అడగమంటే ఏమి, ఇవ్వు అన్నా."

"ఇస్తాను. చూసుకో. చూసినాక మాత్రం నేను రేపు రాను."

ఫోను మిషను మీద పెట్టి, టిఫిను డబ్బా తీసుకుని గేటు దగ్గర నిలబడినాడు. మోనిష ఏడుపు మొహం పెట్టింది. ఫోనులో మూతల ఫొటోలు ఉన్నాయి, మొదటిదాని నుంచి అన్నీ. అన్నీ ఒకరికే పోయినాయి: వాని కూతురు దేవిప్రియకు. సేలం పాలిటెక్నిక్‌లో చదువుతుందట, హాస్టలులో ఉంటుందట. ప్రతి ఫొటో కింద 'ఇది నాయన చేసింది' అని తమిళంలో రాసినాడు. ఆ పిల్ల ప్రతిసారీ చప్పట్లు కొట్టే బొమ్మ పంపింది.

ప్రతాప్ తల దించుకున్నాడు. నేను దించలేదు. కూతురు ఎవరికి పంపిందో మనకేం తెలుసు? ఆ మాట పైకే అన్నాను. అది గేటు దాకా వినిపించింది. మణికండన్ వచ్చి ఫోను తీసుకుని, "నా బిడ్డను ఎందుకు లాగుతారు?" అన్నాడు. అరవలేదు. పోయినాడు. ఇప్పుడు తుంబలహళ్లిలో వాని బావమరిది పిండిమరలో పని చేస్తున్నాడట. మన మిషను వారం నుంచి గోనెపట్టా కప్పుకుని ఉంది. కొత్తవాణ్ని పెడితే రెండు దిమ్మలు పాడు చేసినాడు.

నేను చేసింది సరే కదా? నువ్వు సరే అంటే నాకు నిద్ర పడుతుంది.

జయరామ


హోసూరు
అక్టోబర్ 19

అన్నా,

నాకు జ్వరం. ఎక్కువ రాయలేను.

ఆ మనిషికి ఎంతమంది పిల్లలు? ఆ అమ్మాయి చదువు ఆగదు కదా? కనుక్కుని రాయి.

సరే అని నేను రాయలేను.

గోపమ్మ


ధర్మపురి
నవంబర్ 11

గోపమ్మా,

ఈ ఉత్తరంలో పాత కథలు లేవు.

పోయిన శుక్రవారం వాన తెరిపి ఇచ్చినప్పుడు సేలం నుంచి లోకనాథన్ అనే ఆయన కారును లారీ మీద వేసుకుని మన గేటు ముందర దిగినాడు. యాభై ఏళ్లుంటాయి, చొక్కా నిండా మసి. "ప్రతాప్ ఎవరు?" అని గట్టిగా పిలిచినాడు. భార్యనూ ఇద్దరు బిడ్డలనూ తీసుకుని బెంగళూరుకు పోతుంటే తొప్పూరు కనుమ ఎక్కేటప్పుడు బానెట్టు కింద నుంచి పొగ లేచిందట. కారు ఆపి బిడ్డలను దించేలోపల మంట. లారీవాళ్లు మట్టి పోసి ఆర్పినారు. "నా బిడ్డలు లోపల ఉన్నారయ్యా! మూత చేసేవాడివా నువ్వు, కొరివి పెట్టేవాడివా?" అని ప్రతాప్ కాలరు పట్టుకున్నాడు.

బానెట్టు ఎత్తినాము. అమ్మ ముగ్గు, మసి పట్టి. ప్రతాప్ చూస్తూనే, "అన్నా, ఇది నాది కాదు. లోపలి అంచు చూడండి, నేను ఇట్లా వదలను" అన్నాడు. ఆయన నమ్మలేదు. హోసూరులో ధర్మపురి ముగ్గు మూత అని చెప్పి అమ్మినారట.

నూనె ఎక్కడ నుంచి కారిందో నేను వెతికినాను. అది నా పాత పని. బోల్టులు బిగువుగానే ఉన్నాయి, అంచు తడి లేదు. ముగ్గు మధ్యలో ఒక సన్నని రంధ్రం. మోనిష కంప్యూటరులో చూసి, "మన బొమ్మలో అక్కడ రంధ్రమే లేదు తాతా" అంది. చేసినవాడు దాన్ని ఏదో అవసరమైన రంధ్రం అనుకుని దాని లోపల మరలు కోసి చిన్న స్క్రూ బిగించినాడు. కనుమ ఎక్కే వేడికీ అదురుకూ అది ఊడింది. నూనె పైకి చిమ్మి పొగగొట్టం మీద పడింది.

రంధ్రం నడిమి చుక్కకు కుడిపక్కన ఉంది. బొటనవేలు పెట్టి కొలిచినాను. సరిగ్గా బొటనవేలంత.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని మేకును చూసినాను.

మోనిష సొరుగుకు వెంట్రుక అంటించినాను. గడపకు పిండి చల్లినాను. తేన్మొళి చేతిని అనుమానించినాను. చదవలేని అక్షరాల మధ్య, ఎవరైనా చూడగలిగే అచ్చును మడిచి నేనే పోస్టు చేసినాను. నీ సెప్టెంబర్ ఉత్తరం మళ్లీ తీసి చదివినాను. కాగితాలు ఉన్నాయా అని నేను అడగలేదు గోపమ్మా. అడగని దానికి నువ్వు ఎందుకు జవాబు రాసినావు?

ఇంకెంతమంది ఆ మూత పెట్టుకుని రోడ్డు మీద తిరుగుతున్నారు? అది ముందు చెప్పు, ఇది స్పీడుపోస్టులో వేస్తున్నాను. తక్కినవి తరవాత.

జయరామ


హోసూరు
నవంబర్ 16

అన్నా,

తొమ్మిది. ఎనిమిది మందికి బాలాజి ఫోను చేసి కారు తీయవద్దని చెప్పినాడు. నేను పక్కన నిలబడి చేయించినాను. ఒకరు ఫోను తీయలేదు, వాళ్ల ఇంటికి బాగలూరుకు మనిషిని పంపినాము. మూతలు వెనక్కి వస్తున్నాయి. తొమ్మిదోది మీ గేటు ముందర ఉన్నది.

ఇప్పుడు తక్కినవి.

నేను కాగితం నాలుగు మడతలు పెడతాను, అచ్చు లోపలికి వచ్చేటట్టు. ఆగస్టులో ట్రంకు తీస్తే ముగ్గు కాగితం మూడు మడతల్లో ఉంది, అచ్చు బయటికి. అప్పుడే తెలిసింది. నేను వాణ్ని అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తాడని భయపడినాను. షాపు ఆ నెలలోనే కొంచెం నిలబడింది, వాళ్ల అమ్మ మొహాన నవ్వు వచ్చింది. అందుకని ట్రంకుకు తాళం వేసి, నీకు కాగితాలన్నీ ఉన్నాయని రాసినాను. నువ్వు మణికండన్ గురించి రాసినప్పుడు కూడా వద్దని ఊరికే ఒక మాట రాసి ఊరుకున్నాను. నాకు జ్వరం రాలేదు.

నీ ఉత్తరం వచ్చినాక బాలాజిని పిలిచినాను. చెవిటిదాని ముందు రహస్యంగా ఒప్పుకోలేరు కదా. వాడు గొణిగితే వినిపించలేదన్నాను. గట్టిగా చెప్పినాడు, ఇంకా గట్టిగా అన్నాను. చివరికి వీధి అంతా వినేటట్టు అరిచినాడు: "అవును అవ్వా, నేనే ఫొటో తీసినాను! ఇక్కడి షెడ్డువాడితో చేయించినాను!" ఎదురింటి పచ్చయమ్మాళ్ గిన్నె పట్టుకుని బయటికి వచ్చి నిలబడింది.

"ప్రతాప్ ఒక్కనిదేనా? ముగ్గు మన ముత్తవ్వది, నాకూ ముత్తవ్వే" అన్నాడు.

"ముగ్గు మా అమ్మదే. మేకు రంధ్రం మీ తాతది. దాన్ని కూడా అమ్మినావు" అన్నాను.

తరవాత ఆ బిడ్డల సంగతి చెప్పినాను. కారులో ఉన్న ఇద్దరి సంగతి. ఇంక వాడు అరవలేదు. నాకు వినిపించలేదు, పెదవులు కదిలినాయి.

ప్రతాప్‌కు ఏం చెబుతావో చెప్పు. మా పేరు దాచవద్దు.

గోపమ్మ


ధర్మపురి
నవంబర్ 24

గోపమ్మా,

నీ ఉత్తరం ప్రతాప్‌కు మొత్తం చదివి వినిపించినాను. ఈ ఉత్తరం కూడా అంటించే ముందు చదివి వినిపిస్తాను. ఇంక ఈ ఇంట్లో తాళం వేసిన కాగితం ఉండదు.

వాడు విని కోప్పడలేదు. అదే కష్టంగా ఉంది. "ఇంతమందిని అనుమానించినావు కదా తాతా, ఒక్కసారైనా నీ మీద రాలేదా?" అన్నాడు. లేదన్నాను. వాడు లోకనాథన్ కారును తన ఖర్చుతో బాగుచేస్తున్నాడు. కోయంబత్తూరు అన్నదమ్ములకు జరిగింది జరిగినట్టు చెప్పినాడు. వాళ్లు ఇంకా ఏమీ అనలేదు.

నిన్న ఇద్దరం తుంబలహళ్లికి పోయినాము. మణికండన్ పిండిమరలో ఉన్నాడు, కనుబొమల దాకా తెల్లగా. అతని భార్య మోహనప్రియ మరను ఆపింది. మర ఆగితే చెవులు గుయ్యిమన్నాయి. నేను చేసింది చెప్పినాను: అచ్చులు నావి, కవరు నాది, మేకు నాది, నీది ఏమీ కాదు, నీ బిడ్డను అన్నది తప్పు. నువ్వు రాసింది కూడా చదివినాను.

మణికండన్ వింటూ గోనె మూతి కడుతున్నాడు. మోహనప్రియే అడిగింది: "మీ చెల్లెలికి మా ఆయన గురించి కూడా రాసి ఉంటారు కదా తాతా?"

రాసినానన్నాను.

"ఏం రాసినారు?"

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మణికండన్ గోనె వదిలి లేచినాడు. "తప్పు ఒప్పుకున్న కాగితం చదివినారు, సరి. తప్పు చేసిన కాగితం కూడా చదవండి. నా ముందర, దేవిప్రియ ముందర. ఆదివారం బిడ్డ వస్తుంది. అది విన్నాక పనికి వచ్చేదీ రానిదీ చెబుతాను" అన్నాడు.

ఆ ఉత్తరాలు నీ ట్రంకులో ఉన్నాయి. వచ్చే ఆదివారం నువ్వు వాటిని తీసుకుని రావాలి. బాలాజినీ తీసుకురా. వాడు చెప్పాల్సింది వాడే చెప్పాలి, గొణగకుండా.

జయరామ


హోసూరు
నవంబర్ 28

అన్నా,

వస్తాము. ఎనిమిది మూతలూ గోనెలో కట్టినాము, బాలాజి మోస్తాడు. నీ ఉత్తరం వానికి రెండుసార్లు చదివినాను.

నీ పాత ఉత్తరాలు తీసి చూసినాను. జూన్‌దీ జూలైదీ పరవాలేదు. జూలై దానిలో అతని చెయ్యి మంచిదని రాసినావు, అది ముందు చదువు. అక్టోబరుది కష్టమే గాని చదవొచ్చు. సెప్టెంబర్ రెండో తేదీది మాత్రం ఎట్లా చదువుతావు? పిల్లి నడక, దొంగ చెయ్యి, చేపలు, 'ఆ ఇల్లే అంత', 'వానిలాంటివానికి' అని. ఆ ఆడపిల్ల ఎదురుగా కూర్చుని ఉంటుంది.

అది తెలుగు. వాళ్లు తెలుగు మాట్లాడతారు గాని, ఎవరికీ చదవడం రాదు. నువ్వు దానిలో లేనిది చదివినా అడిగేవాళ్లు లేరు. లేదంటే ఆ ఒక్కటీ ట్రంకులో ఎలుక కొరికిందని నేను చెబుతాను. ఎలుకలు ఉన్నాయి కూడా.

ఏం చేయమంటావో వెంటనే రాయి. నేను ఇది స్పీడుపోస్టులో వేస్తున్నాను, నువ్వూ అట్లాగే వేస్తే శనివారానికి అందుతుంది.

గోపమ్మ


ధర్మపురి
నవంబర్ 29

గోపమ్మా,

ఎలుక కొరకలేదు. తీసుకురా.

జయరామ